ఆంధ్ర ప్రదేశ్‌లో లాభాపేక్ష లేని సంస్థలు

లాభాపేక్ష లేని సంస్థ అనగా తనకు మిగిలిన సొమ్మును సభ్యులకు గాని, స్థాపకులకు గాని, నిర్వాహకులకు గాని పంచిపెట్టకుండా, తాను పెట్టుకొన్న ఆశయం కొరకే వినియోగించే సంస్థ. గ్రామంలోని యువజన సంఘం, భజన మండలి, గ్రంథాలయ సంఘం మొదలుకొని కోట్ల రూపాయల వ్యయంతో నడిచే ఆసుపత్రులు, విద్యా సంస్థల వరకు ఎన్నో రకాల సంస్థలు ఈ కోవలోనికి వస్తాయి. వీటిలో సేవా కార్యక్రమాలు చేసేవాటిని వాడుకలో స్వచ్ఛంద సంస్థలు లేదా ఎన్.జి.ఓ.లు అంటారు.

2008 వరకు నమోదైన సంస్థలపై కేంద్ర గణాంక సంస్థ జరిపిన తొలి గణన ప్రకారం ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 4.6 లక్షల సంస్థలు ఉన్నాయి. ఈ సంఖ్యలో రాష్ట్రం మహారాష్ట్ర (4.8 లక్షలు) తరువాత రెండవ స్థానంలో నిలిచినది. అయితే ఇది రిజిస్టరులో నమోదైన పేర్ల సంఖ్యయే గాని, పనిచేస్తున్న సంస్థల సంఖ్య కాదు. ఎప్పుడో మూతపడిన సంస్థల పేర్లు జాబితాలో మిగిలి ఉన్నాయి. నిత్యం పనిచేస్తూ కూడా ఎన్నడూ నమోదు కాని సంఘాలు జాబితాకు వెలుపల ఉన్నాయి. అందువలన ఈ జాబితా ఒకే సమయంలో ఉండవలసినదానికంటె పెద్దదిగాను, చిన్నదిగాను ఉన్నదని చెప్పవచ్చును.

ఈ వ్యాసంలో 2014 జూన్ 2 కు ముందు విషయాలను చెప్పినపుడు "ఆంధ్ర ప్రదేశ్" అనగా నేటి ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలు కలిసిన ఉమ్మడి రాష్ట్రమని గ్రహించవలెను.

నిర్వచనం

ఐక్యరాజ్య సమితి 2003లో లాభాపేక్ష లేని సంస్థల గణాంకాల కొరకు ఒక కరదీపికను ప్రచురించినది. దాని ప్రకారం ఇటువంటి సంస్థకు ఐదు లక్షణాలు ఉండవలెను.

* దానికి ఒక సంస్థగా స్థిరమైన రూపం ఉండవలెను.
* లాభాన్ని పంచిపెట్టరాదు.
* ప్రభుత్వం నుండి వేరుగా ఉండవలెను.
* తన వ్యవహారాలను తానే నిర్వహించుకొనవలెను.
* సభ్యత్వం స్వచ్ఛందంగా ఉండవలెను.

ఇందులో రెండవ లక్షణాన్ని పలువురు పొరబాటుగా అర్థం చేసుకొంటారు. లాభాపేక్ష లేదనగా ఆ సంస్థకు ఆదాయం ఉండరాదని కాదు, సేవలకు రుసుము వసూలు చేయరాదనీ కాదు. ఏడాది చివర మిగులు ఉండవచ్చును. ఆ మిగులు ఎవరి జేబులోనికీ పోకుండా సంస్థ పనికే తిరిగి వినియోగపడవలెను అన్నదే నియమం.

మూడవ లక్షణం వలన రాష్ట్రంలోని కొన్ని ప్రసిద్ధ సంస్థలు ఈ లెక్కలోనికి రావు. తిరుమల తిరుపతి దేవస్థానం లాభం పంచదు, విద్యా వైద్య సేవలు విరివిగా చేస్తుంది. కాని దాని పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కనుక ఈ నిర్వచనాన్ని కచ్చితంగా పాటిస్తే దానిని ఈ రంగంలో చేర్చుట కష్టం. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) 2000లో సొసైటీగానే నమోదైనది. కాని దానికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. అది రిజిస్టరులో సొసైటీ, ఆచరణలో ప్రభుత్వ విభాగం.

చరిత్ర

తెలుగునాట దానధర్మాల సంప్రదాయం చాలా పాతది. సత్రాలు, చలివేంద్రాలు, వేద పాఠశాలలు, దర్గాలకు అనుబంధంగా అన్నదానాలు రాజుల, జమీందారుల, వర్తకుల ఈనాములతో నడిచేవి. సభ్యులు చందాలు వేసుకొని, నియమావళి వ్రాసుకొని, కార్యవర్గాన్ని ఎన్నుకొని నడిపే ఆధునిక సంఘాలు మాత్రం 19వ శతాబ్దంలో రూపుదిద్దుకొన్నవి.

క్రైస్తవ మిషనరీలు స్థాపించిన పాఠశాలలు, ఆసుపత్రులు ఈ దశలో ముఖ్యమైనవి. గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో ప్రారంభమైనది. అదే పట్టణంలో డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కొరకు, పిల్లల కొరకు నెలకొల్పిన ఆసుపత్రి 1898 నుండి పనిచేసినది. సంఘ సంస్కరణ రంగంలో కందుకూరి వీరేశలింగం 1906లో రాజమండ్రిలో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి వ్రాసి ఇచ్చినాడు. అదే సంవత్సరంలో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలిని నెలకొల్పి దళితుల విద్యకు, హక్కులకు కృషి ప్రారంభించినాడు.

గ్రంథాలయోద్యమం తెలుగువారి సంఘ జీవనంలో ఒక ప్రధాన ఘట్టం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసినవి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య మొదలైనవారి కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది. వీటిని నడిపినది ప్రభుత్వం కాదు, ఊరివారి చందాలు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తరువాతి కాలంలో హైదరాబాదుకు విస్తరించినది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ గ్రాంటు ఇచ్చే పద్ధతి ఆ మండలి ద్వారా దేశమంతటా బలపడినది. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారి సంఘ సేవలో కొనసాగినది.

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం జిల్లాకు వచ్చి గ్రామీణాభివృద్ధి పనులు ప్రారంభించినాడు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఈ రంగంలో ఒక మలుపు. వేలాదిమంది మరణించిన ఆ విపత్తులో సహాయం చేయుటకు దేశ విదేశాల నుండి అనేక సంస్థలు వచ్చినవి. సహాయ పునరావాసాలతో మొదలైన కొన్ని ఆ తరువాత దీర్ఘకాలిక గ్రామాభివృద్ధి వైపు మళ్ళినవి. 1981లో మామిడిపూడి వెంకటరంగయ్య స్మారకంగా ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ బాల కార్మికులను బడికి చేర్చుటలో పేరు పొందినది. దాని కార్యదర్శి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించినది. 1983లో జహీరాబాదు ప్రాంతంలో ప్రారంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతుల సంఘాల ద్వారా చిరుధాన్యాల సాగును ప్రోత్సహించినది.

చట్టాలు

లాభాపేక్ష లేని సంస్థ ఏ చట్టం క్రింద పుట్టినదన్నది ముఖ్యమైన విషయం. దానిని ఏ కార్యాలయం నమోదు చేస్తుంది, ఏ జాబితాలో లెక్కిస్తారు అన్నవి దానిపైనే ఆధారపడతాయి.

సొసైటీలు: కనీసం ఏడుగురు కలిసి సొసైటీని నమోదు చేసుకొనవచ్చును. ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు 1350 ఫసలీ నాటి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చాలాకాలం వేరువేరుగా అమలులో ఉండేవి. వీటి స్థానంలో రాష్ట్రమంతటికీ వర్తించేట్లు ఆంధ్ర ప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 వచ్చినది. నమోదు జిల్లా రిజిస్ట్రారు వద్ద జరుగుతుంది.

ట్రస్టులు: ఒక ఆస్తిని ధర్మకార్యానికి అప్పగిస్తూ వ్రాసిన దస్తావేజు ద్వారా ట్రస్టు ఏర్పడుతుంది. దీనిని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయిస్తారు. మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టులన్నీ 1950 నాటి ప్రత్యేక చట్టం క్రింద ఛారిటీ కమిషనరు వద్ద నమోదవుతాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో అటువంటి కార్యాలయం లేదు. హిందూ మత సంస్థలు, ధర్మాదాయ సంస్థల కొరకు 1987 నాటి దేవాదాయ చట్టం, దేవాదాయ శాఖ ఉన్నవి. ముస్లిముల ధర్మ ఆస్తుల పర్యవేక్షణ వక్ఫ్ బోర్డులది.

కంపెనీలు: లాభం పంచని కంపెనీలు 1956 నాటి కంపెనీల చట్టంలో 25వ సెక్షను క్రింద, 2013 నాటి చట్టంలో 8వ సెక్షను క్రింద నమోదవుతాయి.

సహకార సంఘాలు: పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995 ప్రభుత్వ జోక్యం లేకుండా సహకార సంఘాలు నడుపుకొనుటకు వీలు కల్పించినది. పొదుపు సంఘాలు అనేకం దీని క్రింద నమోదైనవి. అయితే సహకార సంఘం సభ్యులకు మిగులు పంచవచ్చును గనుక దీనిని లాభాపేక్ష లేని సంస్థగా పరిగణించుటపై ఏకాభిప్రాయం లేదు.

సంఖ్య

జాబితా పెరిగిన తీరు

కేంద్ర గణాంక సంస్థ తన గణనను రెండు దశలుగా జరిపినది. మొదటి దశలో రిజిస్ట్రారు కార్యాలయాలలోని పేర్లను సేకరించినది. దేశం మొత్తం మీద సుమారు 31.7 లక్షల పేర్లు లభించినవి. అవి నమోదైన కాలాన్ని బట్టి విభజన ఈ విధంగా ఉన్నది.

* 1970 వరకు: 1.44 లక్షలు
* 1971 - 1980: 1.79 లక్షలు
* 1981 - 1990: 5.52 లక్షలు
* 1991 - 2000: 11.22 లక్షలు
* 2000 తరువాత: 11.35 లక్షలు

అనగా స్వాతంత్ర్యోద్యమ కాలపు సంఘాలన్నీ కలిపినా మొత్తంలో చాలా చిన్న భాగమే. జాబితాలోని పేర్లలో ఇంచుమించు మూడింట రెండు వంతులకు పైగా 1990 తరువాత చేరినవి.

ఆంధ్ర ప్రదేశ్ వాటా 4.6 లక్షలు, అనగా దేశంలో దాదాపు ఏడింట ఒక వంతు. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 8.46 కోట్లు, అది దేశ జనాభాలో పద్నాలుగింట ఒక వంతు మాత్రమే. ఈ జనాభాతో భాగించి చూస్తే దేశంలో సుమారు 380 మందికి ఒక సంస్థ ఉండగా, రాష్ట్రంలో సుమారు 180 మందికి ఒకటి ఉన్నట్లు తేలుతుంది.

ఈ లెక్క వినుటకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఊరికి పదేసి సంస్థలు ఉండవలసిన లెక్క ఇది. అన్ని సంస్థలు నిజంగా పనిచేస్తున్నవా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

క్షేత్ర పరిశీలన

రెండవ దశలో గణకులు జాబితాలోని చిరునామాలకు స్వయంగా వెళ్ళినారు. దేశంలో సుమారు 22 లక్షల సంస్థల కొరకు వెదకగా దాదాపు 6.94 లక్షలు మాత్రమే కనిపించినవి. అనగా పదింటిలో మూడు. ఇది దేశ సగటు. దీనిని ఏ ఒక్క రాష్ట్రానికో యథాతథంగా అన్వయించుట సరి కాదు. అయినను రిజిస్టరుకు, వాస్తవానికి మధ్య ఎంత దూరం ఉండగలదో ఇది తెలుపుతుంది.

కనిపించని సంస్థలన్నీ బూటకమని భావించరాదు. దీనికి సాధారణ కారణాలు ఉన్నవి.

* నమోదు ఒక్కసారి జరుగుతుంది. పని ఆగిపోయినంత మాత్రాన పేరు దానంతట అదే జాబితా నుండి తొలగిపోదు.
* సొసైటీని చట్టబద్ధంగా రద్దు చేయుట శ్రమతో కూడినది. 1860 నాటి చట్టం ప్రకారం దీనికి కనీసం ఐదింట మూడు వంతుల సభ్యుల ఆమోదం కావలెను. మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు, మరొక సొసైటీకి అప్పగించవలెను. చెదరిపోయిన సంఘానికి ఈ పని చేసేవారు ఉండరు.
* చిన్న సంఘాల చిరునామా తరచుగా కార్యదర్శి ఇంటి చిరునామాయే. ఆయన ఊరు మారినా, మరణించినా సంస్థ జాడ తెలియదు.
* ఒక పథకం క్రింద నిధులు లేదా భవనం లభించుటకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయినపుడు అనేక సంఘాలు పుడతాయి. పథకం ముగిసిన పిమ్మట వాటి పని కూడ ముగుస్తుంది.

కొద్దిమంది పన్ను మినహాయింపు కొరకు, గ్రాంటుల కొరకు కాగితాలపై సంస్థలను సృష్టించిన మాట కూడ వాస్తవమే. అయితే జనగణనలో జననాలను మాత్రమే వ్రాసి మరణాలను వ్రాయకపోతే ఏమవుతుందో ఈ జాబితా విషయంలో ప్రధానంగా అదే జరిగినది.

నమోదు కాని సంఘాలు

ఢిల్లీకి చెందిన ప్రియా సంస్థ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కలిసి జరిపి 2002లో ప్రకటించిన అధ్యయనం దీనికి రెండవ పార్శ్వాన్ని చూపినది. నమూనాగా తీసుకొన్న రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ లేదు, కాని ఫలితాలు దేశమంతటికీ అంచనా వేసినవి. వారు రిజిస్టరు నుండి కాక, ఊళ్ళలో తిరిగి సంస్థలను లెక్కించినారు. దేశంలో సుమారు 12 లక్షల సంస్థలు ఉన్నాయని, వాటిలో సగం ఏ చట్టం క్రిందా నమోదు కానివేనని తేలినది. నాలుగింట మూడు వంతుల సంస్థలలో జీతం పుచ్చుకొనే ఉద్యోగి ఒక్కరే ఉన్నారు, లేదా అసలు లేరు.

తెలుగు గ్రామాలతో పరిచయం ఉన్నవారికి ఇది వింత కాదు. వినాయక చవితి ఉత్సవ కమిటీ, శ్రీరామనవమి పందిరి కమిటీ, భజన మండలి, యువజన సంఘం ఏటేటా చందాలు వసూలు చేసి, లెక్కలు చెప్పి, పని పూర్తి చేస్తాయి. వీటిలో చాలావాటికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు.

లెక్కలు సమర్పించే సంస్థలు

సంస్థ సజీవంగా ఉన్నదనుటకు మరొక గుర్తు అది ఏటా ఆదాయ వ్యయాల పట్టికను సమర్పించుట. సుప్రీంకోర్టు ఆదేశంపై కేంద్ర నేర పరిశోధన సంస్థ (సి.బి.ఐ.) సేకరించి 2015లో సమర్పించిన వివరాల ప్రకారం 26 రాష్ట్రాలలో నమోదైన సుమారు 30 లక్షల సంస్థలలో లెక్కలు సమర్పించినవి 2.9 లక్షలే. అనగా పదింటిలో ఒకటి. ఆ సెప్టెంబరు నాటికి తెలంగాణ, కర్ణాటక, ఒడిషా వివరాలు అందలేదు.

స్వరూపం

అంతర్జాతీయ వర్గీకరణ లాభాపేక్ష లేని సంస్థలను 12 వర్గాలుగా విభజిస్తుంది. 2002 నాటి అధ్యయనం ప్రకారం దేశంలోని సంస్థలలో మతపరమైనవి 26.5 శాతం, సమాజ సేవకు చెందినవి 21.3 శాతం, విద్యా సంస్థలు దాదాపు 20 శాతం, క్రీడా సాంస్కృతిక సంఘాలు 18 శాతం, ఆరోగ్య సంస్థలు సుమారు 6.6 శాతం. సామాన్యంగా "స్వచ్ఛంద సంస్థ" అనగానే మనసులో మెదిలే గ్రామాభివృద్ధి సంస్థ ఈ మొత్తంలో ఒక భాగం మాత్రమే. తెలుగు ప్రాంతంలో ఆయా వర్గాలకు ఉదాహరణలు:

* సంస్కృతి, వినోదం: నాటక సమాజాలు, సాహితీ సంస్థలు, క్రీడా సంఘాలు, గ్రంథాలయాలు. హైదరాబాదులోని ఆంధ్ర సారస్వత పరిషత్తు (1943) ఈ వర్గంలో ప్రముఖమైనది.
* విద్య: పాఠశాలలు, కళాశాలలు నడిపే ఎడ్యుకేషనల్ సొసైటీలు, కులాలవారీగా ఏర్పడిన విద్యార్థి వసతి గృహాలు.
* ఆరోగ్యం: హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ (1987), బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి (2000), పుట్టపర్తిలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి (1991). సినీ నటుల అభిమాన సంఘాలు సేవ వైపు మళ్ళుటకు 1998లో ఏర్పడిన చిరంజీవి రక్తనిధి ఒక ఉదాహరణ.
* సమాజ సేవ: అనాథ శరణాలయాలు, వృద్ధాశ్రమాలు, వికలాంగుల పాఠశాలలు.
* అభివృద్ధి, గృహవసతి: గ్రామీణాభివృద్ధి సంస్థలు, కాలనీ సంక్షేమ సంఘాలు.
* హక్కులు, న్యాయం: పౌరహక్కుల సంఘాలు, వినియోగదారుల సంఘాలు. 1996లో పరిపాలనా సంస్కరణల కొరకు ఉద్యమ సంస్థగా ప్రారంభమైన లోక్‌సత్తా 2006లో రాజకీయ పార్టీగా మారినది.
* మతం: ఆలయ, మసీదు, చర్చి కమిటీలు, ఆధ్యాత్మిక సంస్థలు.
* వృత్తి సంఘాలు: వర్తక సంఘాలు, కార్మిక, ఉద్యోగ సంఘాలు.

నిధులు

చిన్న సంఘాలకు చందాలు, విరాళాలే ఆధారం. పెద్ద సంస్థలకు సేవా రుసుములు, ప్రభుత్వ గ్రాంటులు, విదేశీ విరాళాలు, కంపెనీల నిధులు కూడ ఉంటాయి.

విదేశీ విరాళాలను 1976 నాటి చట్టం, దాని స్థానంలో 2011 మే 1 నుండి అమలులోనికి వచ్చిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 నియంత్రించినవి. 2011-12లో దేశానికి వచ్చిన సుమారు 11,500 కోట్ల రూపాయలలో ఆంధ్ర ప్రదేశ్ సంస్థలకు సుమారు 1,258 కోట్లు అందినవి. ఢిల్లీ, తమిళనాడుల తరువాత ఇది మూడవ స్థానం. ఇందులో అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఒక్కదానికే సుమారు 144 కోట్లు, అనగా ఇంచుమించు తొమ్మిదింట ఒక వంతు అందినది. లక్షల పేర్లున్న జాబితాలో డబ్బు కొద్ది సంస్థల వద్ద కేంద్రీకృతమై ఉంటుందనుటకు ఇది నిదర్శనం.

మూడేళ్ళపాటు లెక్కలు పంపనందుకు 2015 మార్చిలో కేంద్ర హోం శాఖ ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన 1,142 సంస్థల విదేశీ విరాళాల అనుమతిని రద్దు చేసినది. 2020 సవరణతో విదేశీ విరాళాలను మరొక సంస్థకు బదిలీ చేయుటను నిషేధించినారు. పాలనా వ్యయ పరిమితిని 50 నుండి 20 శాతానికి తగ్గించినారు. పెద్ద సంస్థల ద్వారా నిధులు పొందే చిన్న గ్రామీణ సంస్థలపై దీని ప్రభావం ఎక్కువగా పడినది.

2014 ఏప్రిల్ 1 నుండి నిర్ణీత స్థాయిని మించిన కంపెనీలు తమ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత క్రింద వెచ్చించవలసి ఉన్నది. ప్రవాసాంధ్రుల సంఘాలు మరొక ఆధారం. 1977లో ఏర్పడిన ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) వంటివి అమెరికాలో అక్కడి చట్టాల క్రింద నమోదై, తెలుగు గ్రామాలలో పాఠశాలలకు, వైద్య శిబిరాలకు విరాళాలు అందిస్తున్నవి.

ఒకే దాతపై ఆధారపడుట ప్రమాదకరమని 108 అంబులెన్సు సేవ చరిత్ర తెలుపుతుంది. 2005 ఆగస్టు 15న సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబ నిధులతో లాభాపేక్ష లేని సంస్థగా ఇది ప్రారంభమైనది. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల కుంభకోణం బయటపడిన తరువాత నిర్వహణ బాధ్యతను జి.వి.కె. సంస్థ స్వీకరించుటతో సేవలు కొనసాగినవి.

సరిహద్దు రేఖలు

లాభాపేక్ష లేని రంగం ఎక్కడ ముగిసి వ్యాపారం లేదా ప్రభుత్వం ఎక్కడ మొదలవుతుందన్నది కొన్ని చోట్ల స్పష్టంగా ఉండదు.

ప్రైవేటు విద్య: రాష్ట్రంలోని ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలను నడిపేవి చట్టం దృష్టిలో సొసైటీలు లేదా ట్రస్టులు. అయినను వీటిని వ్యాపారంగా చూసేవారు అనేకులు. ఈ వివాదంలో కొన్ని కేసులు దేశానికి మార్గదర్శకమైనవి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు విద్య వ్యాపారం కాదని స్పష్టం చేసినది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో అభివృద్ధికి తగినంత మిగులు ఉండవచ్చునని, లాభార్జన కూడదని చెప్పినది. 2022 అక్టోబరులో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, విద్యా సంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు కోరే సంస్థకు విద్య మాత్రమే ఏకైక లక్ష్యంగా ఉండవలెనని తీర్పు ఇచ్చినది.

సూక్ష్మ ఋణాలు: 1997లో లాభాపేక్ష లేని సంస్థగా ప్రారంభమైన ఎస్.కె.ఎస్. తరువాత ఫైనాన్సు కంపెనీగా మారి 2010 ఆగస్టులో షేర్లు విక్రయించినది. ఋణ వసూళ్ళలో వేధింపుల ఆరోపణలు రాగా అదే సంవత్సరం అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మ ఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చినది.

ప్రభుత్వం ఏర్పరచిన సంఘాలు: 1997 నాటి రైతుల సాగునీటి నిర్వహణ చట్టం క్రింద 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినవి. డ్వాక్రా సంఘాలుగా మొదలైన మహిళా పొదుపు సంఘాలు గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా ఎదిగినవి. సభ్యుల సంఖ్యలో ఇవి ఏ స్వచ్ఛంద సంస్థకంటెను పెద్దవి. కాని వీటి పుట్టుకలోను, నిధులలోను ప్రభుత్వ పాత్ర అధికం.

రాష్ట్ర విభజన తరువాత

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన పిమ్మట 2001 నాటి సొసైటీల చట్టాన్ని ఆ రాష్ట్రం తన పేరుతో అన్వయించుకొన్నది. నమోదు జిల్లాలవారీగా జరిగినది గనుక ఏ జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదైనదో ఆ రాష్ట్రపు లెక్కలోనికి సంస్థ చేరినది. హైదరాబాదులో కేంద్ర కార్యాలయం ఉంచుకొని కోస్తా, రాయలసీమ జిల్లాలలో పనిచేసే సంస్థలు ఈ విధంగా తెలంగాణ సంస్థలయినవి. కనుక సంస్థ చిరునామా ఉన్న రాష్ట్రం వేరు, అది సేవ చేసే రాష్ట్రం వేరు కావచ్చును. 2014కు ముందటి సంఖ్యలను నేటి ఏ ఒక్క రాష్ట్రానికీ వాడరాదు.

గణాంకాలను పరిశీలించే పద్ధతి

ఈ రంగాన్ని గురించి పత్రికలలో ఒకదానికొకటి పొసగని సంఖ్యలు కనిపిస్తాయి. అవి చాలాసార్లు వేరువేరు ప్రశ్నలకు సమాధానాలు. ఎన్ని పేర్లు నమోదైనవి, ఎన్ని చిరునామాలో కనిపించినవి, ఎన్ని లెక్కలు పంపినవి, ఎన్నింటికి విదేశీ విరాళాల అనుమతి ఉన్నది అన్నవి నాలుగు వేరువేరు ప్రశ్నలు. మొదటిదాని జవాబును నాలుగవదానికి వాడినపుడు "సంస్థలన్నీ బూటకం" అనో, "రాష్ట్రమంతా సేవే" అనో తప్పు నిర్ధారణలు వస్తాయి. మొదటి నిర్ధారణ వలన నిజాయితీగా పనిచేసే చిన్న సంస్థలకు విరాళాలు తగ్గుతాయి. రెండవదాని వలన ప్రభుత్వం తన బాధ్యతను లేని సంస్థలపై వదలివేసే అవకాశం ఉన్నది.

ఒక్కొక్క సంస్థ విషయంలో పరిశీలన ఇంత కష్టం కాదు. సొసైటీ నియమావళి, కార్యవర్గ వివరాలు జిల్లా రిజిస్ట్రారు వద్ద ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటులు కోరే సంస్థల వివరాలు నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో లభిస్తాయి. ఆడిట్ అయిన లెక్కలను, వార్షిక నివేదికను దాత స్వయంగా అడిగి చూడవచ్చును. ఇవన్నీ ఉన్నా సేవ జరుగుతున్నదో లేదో తెలిసేది ఆ ఊరికి వెళ్ళి చూచినపుడే. కేంద్ర గణాంక సంస్థ రెండవ దశలో చేసినది కూడ అదే.